దొరగారి సిక్ లీవు

మా మేనమామ లెక్కలో ఈ లోకంలో ఎవరికీ జబ్బు చెయ్యదు. అందరూ నటిస్తారు. దగ్గితే నటన, తుమ్మితే నటన, కాలికి కట్టుతో కుంటుతూ వస్తే కాస్త ఖర్చు పెట్టిన నటన. ఓసారి పెద్దాసుపత్రి ముందు నుంచి వెళ్తూ, వరండాలో పడుకున్న జనాన్ని చూసి, "ఎంతమంది కళాకారులో!" అని ఆయన నిట్టూర్చడం నేను చెవులారా విన్నాను.

ఇలాంటి మనిషికి ఏ ఉద్యోగం ఇవ్వకూడదో సరిగ్గా అదే ఇచ్చారు. మేం పనిచేసేది నీటి మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో. అందులో సెలవులు మంజూరు చేసే కుర్చీ మావయ్యది. జీతాలు చూసే పక్క కుర్చీ నాది. అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే ఆయన థర్మామీటరు పెట్టుకునేవాడు. తొందరలో దాంతోనే సంతకం పెట్టబోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

"ఒంట్లో బాలేదు సార్."

"నోరు తెరు."

"విరేచనాలు సార్."

"అయినా తెరు."

సెలవిచ్చాక కూడా వదిలేవాడు కాదు. సాయంత్రం కాగానే స్కూటరెక్కి ఆ మనిషి ఇంటి మీద దాడి చేసేవాడు. ఒక చేతిలో అత్తయ్య కట్టిచ్చిన క్యారేజీ. "ఇవాళెవరు రోగి?" అని అత్తయ్య అడిగితే, "రోగి కాదే, ముద్దాయి" అనేవాడు. ముద్దాయి మంచం పక్కన కుర్చీ లాక్కుని మూత తీసేవాడు. "ఆకలి లేదన్నావుగా? ఏదీ, ఇది ముందు పెట్టుకుని తినకుండా ఉండు చూద్దాం!" పొద్దుట్నించీ మంచినీళ్ల మీద ఉన్న మనిషి, వేడి వేడి సూపు వాసనకి ఎంతసేపు ఆగుతాడు? రెండు చెంచాలు తాగగానే మావయ్య చిటికేసి "దొరికిపోయావ్!" అనేవాడు. సాక్ష్యం పూర్తిగా ఉండాలని గిన్నె ఖాళీ అయ్యేదాకా కదిలేవాడు కాదు. మా ఫ్యాక్టరీలో ఆయనకి దొరకనివాడంటూ లేడు. ఒళ్లంతా ఆటలమ్మతో పడుకున్నప్పుడు నేనూ దొరికాను.

ఇలా ఉండగా మా స్టోర్సు చూసే మేడంకి పిత్తాశయంలో రాళ్లన్నారు. ఆవిడ ఒక్కతే ఉంటుంది. నెమ్మదైన మనిషి, నొప్పొస్తే డొక్క పట్టుకుని మోటారు విడిభాగాల అరల వెనక్కి వెళ్లి నిలబడేది. అప్పటికే రెండుసార్లు ఆపరేషనుకని సెలవు తీసుకుని, చేయించుకోకుండానే మర్నాడు పనిలోకి వచ్చేసింది. ఇక ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టర్లు గట్టిగా చెప్పడంతో మూడోసారి మావయ్య ముందుకొచ్చింది.

"రాళ్లా? ఏవీ, చూపించు."

"లోపలున్నాయి సార్."

"అందరూ అదే అంటారు. రెండుసార్లు మోసం చేశావు, ఈసారి ఒట్టి మాటల మీద ఇవ్వను. జామీను కావాలి. నీకు బాగా ప్రియమైంది ఏదో నా బల్ల మీద పెట్టి వెళ్లు."

"నాకేముంది సార్... ఒక చేప ఉంది."

"అదే తే. ఆపరేషను చేయించుకుని రా, నీ చేప నీకిస్తాను."

ఆఫీసు ఆఫీసంతా ఛీకొట్టింది. కడుపులో రాళ్లున్న ఆడమనిషి చేపని తాకట్టు పెట్టుకున్నవాడు చరిత్రలో ఉండడన్నారు. నాకైతే ఆయన మేనల్లుణ్ణని చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు గాజుతొట్టి వచ్చింది. లోపల నీలం రంగు ఫైటరు చేప, బెట్టా అంటారే, అది. పొడుగాటి రెక్కలు పట్టు ఉత్తరీయంలా వెనక ఈడ్చుకుంటూ పచార్లు చేస్తుంటే ఎవరో 'దొరగారు' అన్నారు, అదే ఖాయమైపోయింది. మావయ్య తొట్టిని తన బల్ల మీద, సరిగ్గా ఏసీ గాలి తగిలేచోట పెట్టించాడు. "ముద్దాయి కళ్లెదురుగా ఉండాలి" అన్నాడు.

కొన్నాళ్లకి దొరగారు పచార్లు మానేశారు. రెక్కలు ఒంటికి అతికించుకుని, నీలం కాస్తా బూడిద రంగుకి తిరిగి, అడుగున రంగురాళ్ల మీద ఒక పక్కకి ఒరిగారు. గుటకెడు గాలికోసం పైకి రావాలన్నా ఆపసోపాలు.

"మావయ్యా, చేప అదోలా ఉంది."

"నటన!" అని థర్మామీటరు తీసి తొట్టిలో ముంచాడు. కాసేపాగి బయటికి తీసి కళ్లజోడు సర్దుకున్నాడు. "చూడు, పాదరసం ఇంచు కదల్లేదు. జ్వరం లేదు, గిరం లేదు."

తర్వాత తన అలవాటైన పరీక్ష పెట్టాడు. మేత గుళికలు నాలుగు వేశాడు. దొరగారు మొహం కూడా తిప్పలేదు. "నా ముందు తినడు. అందరూ ఇంతే" అని ఇంటికెళ్లాడు. పొద్దున చూస్తే గుళికలు లేవు. "దొరికిపోయాడు!" అని చిటికేశాడు. ఆ రోజు ఎక్కువ వేశాడు, అవీ మాయం. ఇంకా ఎక్కువ వేశాడు. ముద్దాయి దొరికేకొద్దీ నీళ్లు మాత్రం కలకబారాయి, మెల్లగా వాసన కూడా మొదలైంది.

ఒక పొద్దున దొరగారు పైకి రాబోయి, సగంలో ఆగి, మళ్లీ అడుక్కి జారిపోయారు. మావయ్య 'నటన' అనడానికి నోరు తెరిచి, అనకుండానే మూశాడు. అదే సమయానికి ఆసుపత్రి నుంచి మేడం ఫోను. ఆపరేషనైపోయింది, కానీ కుట్లు పచ్చిగా ఉన్నాయి, కొన్నాళ్లు కదలకూడదట.

"మా దొర ఎలా ఉన్నాడు సార్? బాలేకపోతే చెప్పండి, ఆటో చేసుకుని వచ్చేస్తాను."

అన్నంత పనీ చేసే మనిషే. మావయ్య మొహం పాలిపోయింది. "వాడికేం! దుక్కలా ఉన్నాడు. ఇప్పుడే నా వేలు కొరకబోయాడు" అని పెద్దగా నవ్వాడు. జీవితమంతా నటులను పట్టుకున్న మనిషి ఎంత నాసిరకంగా నటిస్తాడో అప్పుడు చూశాను. ఫోను పెట్టేసి, తొట్టిని పొట్టకి కరుచుకుని, "ఒరేయ్, స్కూటరు తియ్యి" అన్నాడు.

పశువుల డాక్టరు తొట్టిలోకి ఒక్క చూపు చూసింది. "రోజుకెంత మేత వేస్తున్నారు?"

"వేసినంతా తినేస్తున్నాడండీ."

ఆవిడ పుల్లతో రంగురాళ్లు కదిపింది. కింద నుంచి కుళ్లిన గుళికలు పొగలా లేచాయి. దొరగారు ఇన్నాళ్లూ ఒక్కటీ ముట్టలేదు. అన్నీ రాళ్ల సందుల్లోకి దిగి నీళ్లని పాడుచేశాయి.

"జ్వరమైతే లేదండీ, నేను చూశాను" అన్నాడు మావయ్య నీరసంగా, థర్మామీటరు చూపిస్తూ.

"అది మనుషుల జ్వరానికి. దీనికి వచ్చింది చలి. ఈ చేపలకి గోరువెచ్చటి నీళ్లుండాలి, మీరు ఏసీలో పెట్టారు. అడుగున ఉన్న కుళ్లంతా తీసెయ్యండి. నీళ్లు ఒక్కసారే కాకుండా కొంచెం కొంచెంగా మార్చండి. ముందురోజే పట్టి ఉంచి క్లోరిన్ పోగొట్టిన నీళ్లు, అదే వెచ్చదనంలో పొయ్యాలి. తొట్టికి చిన్న హీటరు పెట్టండి. రెండు రోజులు మేత వెయ్యకండి."

"మేత వెయ్యకూడదా?" అన్నాడు మావయ్య. "ఒంట్లో బాలేనివాడికి తిండి పెట్టొద్దా? ఇదేం వైద్యమండీ!"

ఆయన నోట 'ఒంట్లో బాలేనివాడు' అన్న మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదటిసారి.

హీటరొచ్చింది. అయినా మావయ్యకి నమ్మకం కుదరక ఆఫీసు ఏసీ ఆపించేశాడు. మేనేజరుగారు చెమటలు కక్కుతూ వచ్చి, "ఏసీకి ఏమైందయ్యా?" అన్నారు.

"దాని ఒంట్లో బాలేదు సార్. సెలవు మంజూరు చేశాను."

ఆ రోజుల్లో ఎవరొచ్చి సెలవడిగినా, తొట్టి మీంచి కళ్లు తిప్పకుండా "తీసుకో, పో" అనేవాడు. సగం ఆఫీసు ఖాళీ. ఉన్న సగం తొట్టి చుట్టూ. చివరికో మధ్యాహ్నం దొరగారు గునగునా పైకొచ్చి గాలి మింగి, మావయ్య కళ్లజోడులో తన నీడ చూసుకుని, ఎవడ్రా నువ్వన్నట్టు మొప్పలు విప్పి రెక్కలన్నీ పరిచి కయ్యానికి దిగారు. మావయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. హీటరు వేడికట!

మేడం కోలుకుని వచ్చింది. రాగానే చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఇవిగో సార్, రాళ్లు."

మావయ్య సీసా ఆడించి చూశాడు. "గులకరాళ్లు కావని గ్యారంటీ ఏమిటి?"

ఆవిడ డొక్క పట్టుకుని నవ్వింది. తొట్టి స్టోర్సుకి తీసుకెళ్తుంటే సాయంగా వెళ్లి అడిగాను, "చేపని బందీ చేశాడని మా మావయ్య మీద మీకు కోపం లేదా?"

"కోపమా! రెండుసార్లూ ఆసుపత్రి గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చింది దీన్ని ఎవరికి వదలాలో తెలీకే. చేప కోసం ఆపరేషను మానుకుందంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. సార్ మా ఇంటికి తనిఖీకొచ్చి కనిపెట్టేశారు. 'నేను చూస్తాను' అనుంటే మొహమాటపడి వద్దనేదాన్ని. జామీనన్నారు, ఇవ్వక తప్పలేదు."

మర్నాడు పొద్దున్నే మావయ్య ఫోను. "ఒంట్లో బాలేదురా. ఇవాళ రాను."

ఆఫీసు ఆఫీసంతా నోరు వెళ్లబెట్టింది. మేడం మాత్రం "సాయంత్రం తనిఖీకి వెళ్దాం" అంది. అందరం వెళ్లాం, తొట్టితో సహా. మావయ్య మెడ దాకా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. మేడం వంకెకి వేలాడుతున్న ఆయన చొక్కా జేబులోంచి థర్మామీటరు తీసింది.

"నోరు తెరవండి."

తెరిచాడు.

"జ్వరం లేదు. ఆకలి?"

"అసలు లేదమ్మా."

అత్తయ్య సూపు గిన్నె తెచ్చి ముందు పెట్టింది. మావయ్య ఒక కన్ను గిన్నె మీద, ఒక కన్ను దొరగారి మీద పెట్టి, రెండు చెంచాలు తాగాడు.

"దొరికిపోయారు!" అన్నాం అందరం.

"బాగా అయింది" అంది అత్తయ్య. "ఇన్నేళ్లుగా ముద్దాయిలకి వండించినవాడికి ఇదే శిక్ష."

మేడం తొట్టిని మంచం పక్కన బల్ల మీద పెట్టి లేచింది. "వీణ్ణి జామీను కింద ఇక్కడే వదిలి వెళ్తున్నాను సార్. రేపు మీరే ఆఫీసుకి తెచ్చి అప్పగించాలి. ఇక నుంచి పగలు మీ బల్ల మీద, సాయంత్రం మా ఇంట్లో. సరేనా?"

మర్నాడు మావయ్య నా వెనక స్కూటరు మీద కూర్చుని, తొట్టిని ఒళ్లో పెట్టుకుని, "మెల్లగా పోనివ్వరా, ఇప్పుడిప్పుడే లేచినవాడు" అంటూ వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని చూసి ఖళ్లుఖళ్లున దగ్గాడు.

"నటన!" అన్నాడు మావయ్య. తర్వాత వెనక్కి తిరిగి అరిచాడు, "ఒరేయ్, సాయంత్రం ఇంటి దగ్గరే ఉండు, నీ సంగతి చూస్తాను!"