పదకొండో ఎక్కం

అమీర్‌పేటలో కరెంటు శాఖ ఉద్యోగాల పరీక్షలకు కోచింగ్ ఇచ్చే వీర్రాజు గారికి ఏదీ ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. క్లాసులోకి వస్తూనే జేబులోంచి టెస్టర్ తీసి స్విచ్‌బోర్డుకి పెట్టి చూస్తారు. ఆ వీధి టీలో నీళ్లెక్కువని పంజాగుట్ట దాకా నడిచి వెళ్తారు, అక్కడా వాసన చూశాకే తాగుతారు. చేతికొచ్చిన కాగితం మందుల చీటీ అయినా, పెళ్లిపత్రిక అయినా, వెలుతురుకెత్తి ఒక కన్ను చికిలించాల్సిందే.

ఆ రోజు ఇరవయ్యేళ్లుగా చెబుతున్న పాఠమే చెప్పారు. "పది కేవీ, అంటే పదివేల వోల్టులు, అవతలికి చేరాలంటే, దారిలో పోయేదానికి ఇంకొకటి కలిపి పంపాలి. అందుకే పదకొండు, ముప్పై మూడు, నూట ముప్పై రెండు కేవీ లైన్లు. అంతా పదకొండో ఎక్కమే."

వెనక బెంచీలో ఇవాంజెలిన్ లేచింది. "నాలుగొందల కేవీ లైన్ సుత ఉన్నది కద సార్? గది పదకొండో ఎక్కంల రాదు."

వీర్రాజు గారికి ఎదురు సందులో కొత్తగా వెలిసిన కోచింగ్ సెంటర్ గుర్తొచ్చింది. "నిన్నెవరు పంపారమ్మా?"

"ఎవ్వరు పంపలే సార్. మా డాడీ సబ్‌స్టేషన్ల చేస్తడు. దూరమెంత, లోడెంత, ఖర్చెంత అని చూసి, అందరు కూసొని ఒప్పుకున్న అంకెలంట గవి."

ఆయన నమ్మలేదు. బోర్డు మీద నాలుగు వందలను పదకొండుతో భాగించారు. నాలుగు మిగిలింది. తుడిచి మళ్లీ చేశారు. మళ్లీ నాలుగే. క్లాసంతా చూస్తుండగా, బల్ల మీదున్న నోట్సు, తన చేతిరాతదే, తీసుకుని కిటికీ దగ్గరికి నడిచారు. మొదటి పేజీని వెలుతురుకెత్తి ఒక కన్ను చికిలించారు.