అర్బాబు కంచె

పోయిన శుక్రవారం మా గదిలోవాళ్లు కడుపునిండా తిని, కాళ్లు బారచాపుకుని, ఫోన్‌లో ఆఫ్రికా అడవుల వీడియో పెట్టుకుని చూస్తున్నారు. జింకలు మందగా ఉరుకుతుంటే అబ్బ, ఏం పరుగురా అని ఒకటే మెచ్చుకోలు. ఖర్జూరాలు ఏరుకుంటూ నేనూ ఓ చూపు అటు వేశాను. మంద వెనకాల, దూరంగా, సన్నటి గీత ఒకటి ఉంది. తీగ కంచె. వాళ్ల కళ్లకది ఆనలేదు, నాకు మాత్రం అదొక్కటే కనిపించింది. ఆపండిరా నాయనా అంటే, పెద్దాయనకు ఏదో అయిందని నవ్వుకున్నారు. నవ్వనీ. నా ఈడువాళ్లు, నాలాగే ఈ దేశంలో ఇసుక మింగి బతికినవాళ్లు మీరైతే నవ్వరన్న ధైర్యంతో ఆ సంగతి మీకు చెప్పుకుంటున్నాను.

కరోనా వచ్చిన ఏడు నేను అల్ ఐన్ అవతల, దిబ్బలు మొదలయ్యే చోట, ఒక అర్బాబు, అంటే అరబ్బు యజమాని, దగ్గర మేత వేసే పనిలో ఉండేవాణ్ణి. మేత అంటే బర్రెలకూ మేకలకూ అనుకునేరు. మా అర్బాబు వయసులో ఉన్నప్పుడు ఆఫ్రికా వెళ్లి వేటాడి వచ్చేవాడట. ముసలితనంలో తుపాకీ పక్కన పెట్టి, అక్కడి జంతువులనే ఇక్కడికి తెప్పించుకుని, సాయంత్రాలు వాటిని చూస్తూ కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. ఎర్రటి జింకలు, మనిషి చేయంత పొడవున నిటారు కొమ్ములుండే ఓరిక్సులు, అవే నా పశువులు. దుబాయ్ పోయి జింకల కాపరివయ్యావా అని ఊరివాళ్లు ఫోన్ చేసి మరీ ఏడిపించేవారు.

ఆ మూగజీవాలకు ఒక రివాజు ఉండేది. పొద్దు కాస్త ఎక్కగానే అన్నీ బారులు తీరి పడమటి వైపున్న గాఫ్ చెట్ల నీడకు పోయేవి. గాఫ్ అంటే మరేం కాదు, మన జమ్మి చెట్టే, పరాయి దేశంలో దాన్ని చూస్తే నాకు దసరా గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమనేది. పొద్దు వాలాక మళ్లీ తూర్పుకు, నేను వేసే మేత దగ్గరికి వచ్చేవి. రోజూ నడిచీ నడిచీ ఇసుకలో బండ్లబాటలా ఒక దారి పడిపోయింది. ఆ ఏడే అర్బాబు పడమటి సగం తన తమ్ముడికి ఒంటెల కోసం ఇచ్చేసి, నడిమధ్యన కంచె వేయమన్నాడు. తూర్పు వైపు కూడా నీళ్లతొట్టి కట్టించాడు, రేకుల నీడ వేయించాడు. ఇక వాటికేం తక్కువ అనుకున్నాడు పాపం. ఇది కుదరదని చెప్పగలిగినవాడు ఒక్క ముదీరే, అంటే మా మేనేజరే. నమీబియాలో వేట భూముల మీద పెరిగినవాడు, జంతువుల బాగోగులన్నీ అతనివే, కానీ విమానాలు ఆగిపోయి తన దేశంలోనే ఇరుక్కుపోయాడు.

కంచె వేయడానికి దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ నుంచి ఒక కంపెనీ మనుషులు వచ్చారు. వాళ్లకు మేస్త్రీ ఎవరనుకున్నారు, సాక్షాత్తూ మా అక్క భర్త, మా బావ. అంత దేశంలో ఒకే చోట పని కుదిరిందని ఇద్దరం పండగ చేసుకున్నాం. బావ చేతి పని అలాంటిలాంటిది కాదు. మా వైపు అడవి పందులు మక్కచేలు పాడుచేస్తుంటే సగం ఊరికి ఇనుప తీగల జాలి కట్టింది ఆయనే. అక్కడ జాలిని కడీలకు, అంటే పాతిన స్తంభాలకు, బయటివైపున బిగించేవాడు. పంది బయటనుంచి నెట్టేకొద్దీ జాలి కడీకి ఇంకా అతుక్కుంటుంది, ఊడి రాదు. ఇక్కడా అదే చేశాడు. పడమటి వైపు నిలబడి, ఇనుప కడీలకు బయటినుంచి జాలి కట్టేశాడు. కట్టిన వాళ్లందరూ రైతుబిడ్డలే, ఒక్కడికీ అనుమానం రాలేదు. కంచె అంటే రానీయకుండా ఆపేదని పుట్టిన దగ్గరనుంచీ చూసినవాళ్లం, పోనీయకుండా ఆపే కంచె మాకేం తెలుసు?

మొదటి రోజు పొద్దున మంద ఎప్పటిలాగే బయలుదేరింది. ముందున్న జింకకు ఆ సన్నటి తీగ కనబడలేదు, లేక కనబడినా అక్కడ ఏదో ఉందన్న నమ్మకం కలగలేదు. పరుగుమీద వచ్చి కొట్టుకుంది. మెడ విరిగిన చప్పుడు మేత బండి దగ్గరున్న నాకు వినబడింది. దాని వెనకది దాని మీంచి దూకబోయి జాలిలో కాళ్లు ఇరికించుకుని, విడిపించుకోవాలని తన్నుకుని తన్నుకుని ఎముక బయటికి వచ్చేదాకా తన్నుకుంది. దాని ప్రాణం పోవడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత కంచె వెంబడి నడక మొదలైంది. ఉత్తరం మూల దాకా పోవడం, తిరిగి దక్షిణం మూలకు రావడం, పక్కనే తొట్టినిండా నీళ్లున్నా ముట్టకపోవడం. ఇదివరకు ఎడం ఎడంగా బతికిన ఓరిక్సు పోతులు ఆ తీగ వెంట ఎదురుపడి పొడుచుకునేవి. ఒకదాని కొమ్ము ఇంకోదాని పక్కటెముకల్లోంచి దిగి అవతల తేలడం, రెండూ అలాగే తగులుకుని ఇసుకలో కూలబడడం ఈ కళ్లతో చూశాను. తెల్లారితే నా పని మేత వేయడం కాదు, కళేబరాలు ఈడ్వడం.

దానికి తోడు కుక్కలు. కరోనా దెబ్బకు చుట్టుపక్కల తోటలు మూతపడి మనుషులు వెళ్లిపోతే, వాళ్లు పెంచిన కుక్కలు ఆకలికి గుంపు కట్టాయి. వాటికి మనకంటే తెలివి ఎక్కువ. జింకను తరిమి అలసిపోవడం ఎందుకు, తీగకేసి తోలితే చాలు, అదే ఆగిపోతుందని పట్టేశాయి. విమానాలు తిరిగి, ముదీర్ వచ్చి, వచ్చీరాని హిందీలో ఇదే చెప్పాడు. వాళ్ల వేట భూముల్లోనూ కంచె పడితే అడవి కుక్కలకు పండగేనట, దారి జంతువు కాళ్లలో ఉంటుంది గనక పాత బాట మీద గేటు పెట్టనిదే ఈ చావులు ఆగవట. జాలి కూడా తప్పు వైపున ఉందని, లోపలినుంచి గట్టిగా నెడితే ఊడిపోతుందని కడీని ఊపి చూపించాడు. అర్బాబు పండగ తర్వాత చూద్దాం అన్నాడు. కరోనా కట్టడితో కదిలే వీల్లేక తన మనుషులతో మా దగ్గరే ఉండిపోయిన బావకు మాత్రం రోషం పొడుచుకొచ్చింది. నా కంచెకు వంక పెట్టేంతటోడా అని రోజంతా మూతి ముడుచుకున్నాడు. మర్నాడు ఎవరికీ చెప్పకుండా, చచ్చిన జింకల గుర్తులన్నీ చూసుకుంటూ కంచె పొడవునా నడిచాడు. తిరిగొచ్చి, జాలి మార్చేద్దాం పదండి అని తనే మనుషుల్ని లేపాడు.

ఉత్తరం మూల దగ్గర, బయటివైపు, వాళ్లు ఇంకా సామాను దించుకుంటున్నారు. లోపల కుక్కల మొరుగుడు లేచింది. మంద మొత్తం, జింకలూ ఓరిక్సులూ కలగాపులగంగా, దుమ్ము లేపుకుంటూ సరిగ్గా ఆ మూలకే వచ్చింది. మిగిలినవాళ్లు పరుగెత్తారు. బావ పరుగెత్తలేదు. ఊళ్లో కంచె ఊగితే ఏం చేసేవాడో అదే చేశాడు, జాలికి భుజం ఆనించి కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాడు. ముందొచ్చిన పోతు కొమ్ము జాలి కన్నంలోంచి వచ్చి తొడలో దిగింది. ఆ ఊపుకు కట్లు టపటపా తెగి జాలి ఆయన మీద పడింది, జాలి మీంచి మంద పోయింది. వెనకబడ్డ వాటిని కుక్కలు అక్కడికక్కడే కడుపులు చీల్చాయి. నేను బండి హారన్ కొడుతూ వచ్చి, పార అందుకుని, ఏ కుక్కను కొట్టానో ఎక్కడ కొట్టానో తెలియదు, పార కర్ర విరిగేదాకా కొట్టాను.

జాలి కోసి బావను బయటికి లాగితే తొడలోంచి నెత్తురు బుగ్గలా వస్తోంది. గడ్డిమోపుల మీద పడుకోబెట్టి, నా లుంగీ గుడ్డ అదిమి పట్టుకుని కూర్చున్నాను. ముదీర్ బండి నడిపాడు. అక్కకు ఈయన్ను బతికించి ఇవ్వకపోతే నేను ఊరి ముఖం చూడలేనని ఏడుస్తున్నాను. ఆయన మాత్రం నా చెయ్యి పట్టుకుని, "మనం బయటికెల్లి అచ్చేటోల్ల గురించే సోంచాయించినం రా. లోపల ఉన్నయి యాడికి పోవాల్నో అడగలే" అన్నాడు. అని కళ్లు మూసుకున్నాడు.

బతికాడు. కాలు మాత్రం మడత పడదు. అర్బాబు ఆసుపత్రికి స్వయంగా వచ్చి, మంచం పక్కన తలవంచుకు నిలబడ్డాడు. ఆ వారమే తమ్ముడి ఒంటెలను వేరే చోటికి పంపించి, కంచె మొత్తం ఖలాస్ అన్నాడు. కడీలు పీకి, జాలి చుట్టి, గుంతలు పూడ్చేశాం. తప్పించుకుపోయినవాటిని తోలుకొచ్చాం. బావ ఊరికి పోతూ ఒక్కటే అడిగాడు, అవి జమ్మిచెట్ల కిందికి పోయిన రోజు తనకు ఫోన్ చేయమని.

పోలేదండీ. పొద్దున బారులు తీరి వచ్చేవి, కంచె ఉండిన చోటికి రాగానే అన్నీ టక్కున ఆగేవి. ముందు ఒట్టి గాలి తప్ప ఏమీ లేదు. ముట్టెలు చాచి వాసన చూసి, తీగ వెంట తిరిగినట్టే ఇటూ అటూ తిరిగి వెనక్కి వచ్చేవి. అవతల మేత పోశాను, నీళ్లు పెట్టాను, నేనే ఆ గీత మీద పిచ్చివాడిలా అటూ ఇటూ నడిచి చూపించాను. ఊహూఁ. ఇక్కడ అరచేతిలో ఫోన్ మోగుతూనే ఉండేది. "పోయినయారా?" అని బావ. ఇంకా లేదు బావా అని నేను. అలా నెలల తరబడి.

చివరికి ఒకటి పోయింది. కంచె తీసేశాక పుట్టిన ఓరిక్సు పిల్ల, తీగ మొహం ఎరుగనిది. గంతులేసుకుంటూ గీత దాటి, జమ్మిచెట్ల వైపు ఉరికింది. తల్లి గీత దగ్గరే ఆగి అరిచింది. కుక్కలు చెట్ల వెనకే ఉన్నాయి. పిల్లను నాలుగు వైపులా పట్టి లాగుతుంటే, ఆ తల్లి కొమ్మూ ముట్టే నేలకేసి కొట్టుకుంటూ, లేని కంచె వెంబడి ఆ చివరనుంచి ఈ చివరకు పరుగెత్తింది తప్ప, ఒక్క అడుగు అవతల వేయలేకపోయింది. నేను చేరేసరికి మిగిలింది గిట్టలు. తల్లి ఇంకా పరుగెడుతూనే ఉంది.

ఆ సాయంత్రం బావ ఫోన్ చేస్తే, ఒకటి దాటింది బావా అన్నాను. అవతల ఆయన సంబరం చెప్పనలవి కాదు, అక్కను కేకేసి పిలిచి మరీ చెప్పాడు. "ఒకటి దాటింది సాలు తియ్. దాని ఎంబడి తక్కినయి గూడ పోతయి" అన్నాడు. పోతాయి బావా అన్నాను.

ఇప్పుడు ఆ జంతువులు లేవు, లారీలెక్కి ఎటో పోయాయి. అర్బాబు ఆ సాయంత్రపు కుర్చీ వేయడం మానేశాడు. నేను ఈ ఖర్జూర తోటకు వచ్చాను. మా ఊళ్లో నిరుడు అందరూ చేల చుట్టూ కరెంటు తీగలు కట్టుకున్నారని, పాత డొంకదారులన్నీ మూసుకుపోయాయని, ఒక్క బావ చేను మాత్రం నాలుగు దిక్కులా బార్లా తెరిచి ఉందని అక్క చెబుతుంది. పందులు సగం మక్క తినేస్తున్నాయట. తిననీ అంటాడట ఆయన, కుంటికాలు చాపుకుని గట్టుమీద కూర్చుని.