కబాసో అద్దం, జెరె అడిగిన తాళంచెవి

కిట్వే గనిపేట బడిలో దుర్భిణి నిలబెట్టిన రోజున దాని కింద ఒక ఇత్తడి పలక బిగించారు. తయారుచేసినవారు గని ప్రధాన ఇంజినీరు హార్‌గ్రీవ్స్ అని దానిమీద చెక్కి ఉంది. ఆ దొర చేసిందల్లా పాత ఇనుము బయటికి తీసుకెళ్లడానికి చీటీ మీద సంతకం పెట్టడం. అద్దం అరగదీసింది, గొట్టం అతికింది, కాళ్లు నిలబెట్టింది వర్క్‌షాపు ఇంజినీరు కబాసో. ఆఖరికి ఆ పలకకి నాలుగు మరలు బిగించిందీ ఆయనే. స్క్రూడ్రైవరు ఇంకెవరి దగ్గరా లేదు మరి.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఆరేళ్లయింది అప్పటికి. దీన్ని అన్యాయం అనక ఇంకేమనాలి? కబాసో మాత్రం అందరితో పాటు చప్పట్లు కొట్టి వచ్చాడు.

"ఏరా కోతిమాంసం! నీ బిడ్డకి వాడి పేరు పెడితే చప్పట్లు కొట్టొస్తావా?" అన్నాడు జెరె. క్రేను నడిపే జెరె ఎన్గోనీ వాడు, కబాసో బెంబా. ఎప్పుడో తాతల నాడు ఈ రెండు తెగలూ కొట్టుకుని కొట్టుకుని అలిసిపోయి, ఇక కత్తులు వద్దు, తిట్లు చాలు అనుకున్నాయి. అప్పట్నుంచీ బెంబా వాణ్ణి ఎన్గోనీ వాడు ఎంత మాటైనా అనొచ్చు, బెంబా వాడూ అంతే. కోపం తెచ్చుకున్నవాడు ఒక కోడి జరిమానా కట్టాలి.

"పిల్లలు చూసేది అద్దంలోకిరా ఎలకలతిండీ, పలకలోకి కాదు," అన్నాడు కబాసో.

ఆ అద్దం వెనక పద్నాలుగు నెలల కష్టం ఉంది. కొలిమి గది కిటికీకి వేసే మందపాటి పాత గాజుబిళ్లలు రెండు దొరికాయి. పెరట్లో నూనె డ్రమ్ములో రాళ్లు నింపి, దానిమీద ఒక బిళ్ల బిగించి, పైన రెండోది పెట్టి, మధ్యలో గరుకుపొడీ నీళ్లూ వేసి తోసేవాడు. ఆరు తోపులు, ఒక అడుగు పక్కకి. మళ్లీ ఆరు తోపులు, మళ్లీ అడుగు. డ్రమ్ము చుట్టూ నేల గానుగబాటలా అరిగిపోయింది. పెద్దకూతురు కలుబా పుట్టినప్పట్నుంచి అందరూ ఆయన్ని బాషి కలుబా, అంటే కలుబా వాళ్ల నాన్న, అనేవారు. పెళ్లామూ అంతే.

"బాషి కలుబా, ఎన్షిమా ముద్ద చల్లారిపోతోంది. ఆ డ్రమ్ముక్కూడా ఓలి ఇచ్చి తెచ్చుకున్నారా ఏంటి?"

"నీకన్నా తక్కువే అడిగింది లేవే."

చివర్లో దీపమూ గడ్డం గీసుకునే బ్లేడూ పెట్టి అద్దం మీద నీడ ఎలా పడుతుందో చూసేవాడు. వెంట్రుక మందంలో వెయ్యోవంతు ఎత్తున్నా ఆ నీడ చెప్పేసేది. ఎన్ని సాయంత్రాలు అలా గడిచాయో!

పదమూడేళ్లు బడిపిల్లలు ఆ దుర్భిణిలో చూశారు. తర్వాత కొత్త హెడ్మాస్టరు చోంగో వచ్చాడు. దుర్భిణిలో కంటికి ఆనించే గాజుల్లో ఒకటి కనబడకుండా పోయేసరికి, మొత్తాన్నీ సామాన్ల గదిలో పెట్టి తాళం వేశాడు. పలకని ఓర్చుకున్న కబాసో ఈ తాళాన్ని ఓర్చుకోలేకపోయాడు. అద్దం మీది వెండిపూత ఏడాదికోసారి మార్చకపోతే నల్లబడిపోతుంది. ఆ పని తెలిసింది ఆయనొక్కడికే, ఆయన చేతులేమో వణకడం మొదలెట్టాయి. చేతులు పూర్తిగా పోకముందే పిల్లలకి నేర్పాలి.

టోపీ చేతబట్టుకుని ఏడుసార్లు వెళ్లాడు.

"విలువైన వస్తువు పెద్దాయనా, పిల్లలు పాడుచేస్తారు," అనేవాడు చోంగో. చోంగో కూడా బెంబాయే. సాటి బెంబాని, అందులో బడిపెద్దని, పదిమందిలో నిలదీయడం కబాసోకి చేతకాదు. చిత్తం అని వచ్చేసేవాడు.

"మీరు ఒకరికొకరు దణ్ణాలు పెట్టుకుంటూనే చస్తార్రా," అన్నాడు జెరె. మర్నాడు బడిలో తల్లిదండ్రుల సమావేశానికి తనూ వెళ్లి, అందరిలో లేచాడు.

"ఓయ్ కోతులు తినే పంతులూ!"

జనం గొల్లున నవ్వారు. చోంగోకి కోపం తెచ్చుకునే వీల్లేదు. "ఏం తాతా, ఎలకల వేపుడు తినొచ్చావా? కంపు ఇక్కడిదాకా కొడుతోంది," అన్నాడు.

"మేమైతే ఎలకల్ని పట్టుకు తింటాం. నువ్వు దుర్భిణిని గదిలో పెట్టి ఎలకలకి మేపుతున్నావు. మా తాత యుద్ధంలో పట్టుకున్న బానిసవి నువ్వు. బానిసకి తాళంచెవులెందుకురా? ఇటు తే!"

తల్లులు బల్లలు చరిచి నవ్వారు. చోంగో కూడా నవ్వు ఆపుకోలేక, జేబులోంచి తాళంచెవి తీసి విసిరాడు. వెనక వరసలో కూర్చున్న కబాసో తలెత్తలేదు. కళ్లు తుడుచుకుంటున్నాడు.

అద్దం పెనంలా నల్లబడి ఉంది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు నలుగురు ముందుకొచ్చారు. ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే, బట్టలుతికే తొట్టిలో అద్దాన్ని కడిగి, వెండి ఉప్పూ పంచదార నీళ్లూ కలిపి పోశారు. కాసేపటికి అందులో వాళ్ల మొహాలు కనబడ్డాయి. ఆ సాయంకాలం పొద్దు గుంకుతుండగానే నెలవంకని చూపించాడు.

"తాతా, చందమామకి మశూచి వచ్చిందా?"

"వచ్చి తగ్గిందిలే తల్లీ."

అప్పట్నుంచి ఏటా వానలు వెలిశాక పిల్లలే పూత వేసేవారు. కబాసో పద్దెనిమిదేళ్లు ఆ పని చూసి పోయాడు. రెండేళ్లకి జెరె కూడా పోయాడు. నాలుగేళ్ల కిందట బడికి ఇంకో పెద్దసారు వచ్చాడు. "విలువైన వస్తువు" మళ్లీ గదిలోకి వెళ్లింది.

నిలబెట్టి తిట్టడానికి ఇప్పుడు జెరె లేడు. కిట్వేలో ఉన్నవాళ్లు వచ్చే సమావేశానికి వెళ్లి లేచి అడగండి. దూరంగా ఉన్నవాళ్లు మీ వీధి బడికే వెళ్లండి. పిల్లలు పాడుచేస్తారని బీరువాలో మగ్గబెట్టిన సూక్ష్మదర్శిని ఒకటి అక్కడా ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. రేపు రమ్మంటే రేపు వెళ్లండి, ఒంటరిగా కాదు, పదిమంది తల్లుల్ని వెంటబెట్టుకుని. తలుపు తీసేదాకా అక్కణ్నుంచి కదలకండి.