రాగి తీగ చుట్టిన సీకు

మొన్న ఎమ్మిగనూరు బస్టాండులో దిగేసరికి నిప్పులమీద కొవ్వు చుక్క పడి చుయ్యిమన్న చప్పుడు వినిపించింది. వెనకాలే ఆ పొగ. కబాబుల బండి ఎవరిదో కూడా చూడలేదు, కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. గుల్ చాచా గుర్తొచ్చాడు.

నేను షార్జాలో తాపీ పని చేసిన రోజుల్లో మా క్యాంపు ఎదురుగానే ఆయన కబాబుల కొట్టు. పెషావరు మనిషి, ఆరడుగులు, తెల్లటి గడ్డం. ఆదోని పత్తి మిల్లులో మూటలు మోసినప్పుడు వంటబట్టిన ఉర్దూ నాకక్కడ అక్కరకొచ్చింది. మొదటిరోజే "మా ఇంట్లో గొడ్డుమాంసం తినరు చాచా, కోడి పెట్టు" అన్నాను. తలూపాడు, అంతే. ఆయన పని చూస్తుంటే నాకు ఆకలి కూడా గుర్తుండేది కాదు. అరచేతిని నిప్పులమీద ఒక్క క్షణం ఆడించి సెగ చాలుతుందో లేదో చెప్పేసేవాడు. ఇరవై సీకులు ఒకేసారి కాలుతున్నా ఏది ఎప్పుడు తిప్పాలో ఆ వేళ్లకు తెలుసు. దారం, గుండు లేకుండా నేను ఒక్క వరస ఇటుక పెట్టలేను, ఈయనకేమో అన్నీ చేతిలోనే ఉన్నాయి! ఆ కోడిముక్క పైన కరకరలాడేది, లోపల వెన్నలా కరిగేది. అంత రుచి నేను పుట్టి ఎరగను.

నెల తిరిగేసరికి ఒక సంగతి కంటబడింది. నేను కొట్టుకు పోగానే, గోడకు విడిగా తగిలించిన ఒక సీకు తీసేవాడు. దాని పిడికి రాగి తీగ చుట్టి ఉంది. నా ముక్కలు ఎప్పుడూ దానికే. నా ఒళ్లు మండిపోయింది. మా ఊరి హోటల్లో మా కులం వాళ్లకు గ్లాసు వేరే ఉండేది. మా నాయన టీ తాగి, తనే కడిగి, దాన్ని చూరులో దోపి వచ్చేవాడు. సముద్రం దాటినా ఆ గ్లాసు నా వెంటే వచ్చిందనుకున్నాను.

"నా సీకు వేరే ఎందుకు? అందరి సీకులతోపాటే నాదీ కాల్చు!" అని నలుగురిలో అరిచాను.

ఆయన విసనకర్ర ఆపాడు. "వీటిమీద గొడ్డుమాంసం కాలుస్తాను బేటా. నువ్వు తిననన్నావు కదా. ఆ కొవ్వు నీ తిండికి అంటకూడదని తీగ చుట్టి గుర్తు పెట్టుకున్నాను."

నా సీకునుంచే ఒక ముక్క లాగి తను తిని, మిగిలింది నాకందించాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నేను ఎప్పుడో అని మరిచిన మాటను ఆ మనిషి దినదినమూ కాపాడాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆ సీకు కాగితంలో చుట్టి నాకే ఇచ్చాడు. ఇంటికొచ్చి నాయనకు ఇదంతా చెప్పాను. సీకును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వు తిన్యాక దీన్ని కడిగేది ఎవురప్పా?"

"ఆయప్పే నాయనా. దినామూ ఆయప్పే కడిగి తగిలించేటోడు."

నాయన పైపంచెతో సీకును మెల్లగా తుడిచి నా చేతికిచ్చాడు.

అది మా వంటింటి గోడకు ఉంది. మా ఇంట్లో ఎవరు తిన్నా సరే, ఆ పళ్లెం నేనే కడుగుతాను.