జిప్‌లైన్ దగ్గర ఆమె భయపడలేదు

వయనాడు అడవిలో మా ఆవిడ జిప్‌లైన్ ఎక్కడానికి భయపడి వెనక్కి వచ్చేసిందని మా చుట్టాలందరూ నమ్మారు. ఆ మాట పుట్టించింది నేనే. అది అబద్ధం.

కేరళ వెళ్దామన్నది మా అమ్మాయి. పలాసలో రైలెక్కినప్పటి నుంచీ తల్లీకూతుళ్ళకు ఒకటే ధ్యాస, అడవి మీదుగా తీగకు వేలాడుతూ పోవాలని. జీడితోటలో ఏడాదికేడాది వంగి పిక్కలేరే మనిషి, ఒక్కసారైనా చెట్లను పైనుంచి చూడాలని మా ఆవిడ ఆశ.

ఆ రోజు పొద్దుటి నుంచీ వాన. జారే మెట్లు, కాళ్ళకు జలగలు, కదలని క్యూ. నాకు అప్పటికే చిరాకు. అక్కడి కుర్రాడు గుండెజబ్బు, బీపీ, ఈమధ్య ఆపరేషన్ ఏమైనా ఉన్నాయా అని హిందీలో అడిగాడు. లేవని మా అమ్మాయి చెప్పింది. వాళ్ళ అమ్మకు నడుం చుట్టూ బెల్టు బిగించాడు. ఆమె నవ్వుతూ చెక్క అంచుదాకా వెళ్ళి నిలబడింది. అప్పుడు నేను, ఎవరూ అడగకుండానే, ఆమెకు కిడ్నీ ప్రాబ్లం ఉందని చెప్పాను.

అంతకు ముందు మా ఊళ్ళో చేసిన రక్త పరీక్షలో ఆమెకు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త ఎక్కువ వచ్చింది. ఎండలో నీళ్ళు తాగక కావచ్చు, మళ్ళీ చూద్దామన్నాడు డాక్టరు. కానీ మాది ఉద్దానం, ఊరూరా కిడ్నీ జబ్బున్న ప్రాంతం. డయాలసిస్‌కు తిరిగి తిరిగి మా అన్నయ్య పోయాడు. ఆ బెల్టు ఆమె నడుమును నొక్కుతుంటే నాకు ఇంకేమీ కనబడలేదు.

కుర్రాడు వెంటనే బెల్టు విప్పేశాడు. డాక్టరు పర్వాలేదన్నాడని మా అమ్మాయి ఎంత వాదించినా వినలేదు. వెనకవాళ్ళు తొందరపెడుతున్నారు. అమ్మ లేకుండా తానూ ఎక్కనంది అమ్మాయి. ముగ్గురం తడుస్తూ మెట్లు దిగాం.

"నన్నొక్క మాటడిగినావా మావా?" అంది మా ఆవిడ జీపులో.

మా వైపు ఇంట్లోవాళ్ళ గురించి ఆ జబ్బు పేరు పైకి అనరు. దూరం వెళ్తే ఊరి పేరు కూడా చెప్పం, పలాస అంటాం. అందుకే మా బావమరిది వాళ్ళక్క జిప్‌లైన్ ఎలా ఎక్కిందని అడిగితే, మీ అప్ప జడిసిందని చెప్పేశాను. ఇక ప్రతి భోజనం దగ్గరా అదే వేళాకోళం. తర్వాతి పరీక్షలో అంతా బాగుందని తేలింది. వేళాకోళం మాత్రం ఆగలేదు.

మొన్న మా అత్తగారింట్లో అందరూ తింటుండగా ఇక ఉండబట్టలేక నిజం చెప్పాను.

"ఏటి బావా, మా యప్పని ఎనకేసుకొత్తన్నావు," అని నవ్వాడు బావమరిది. కిడ్నీ మాట వినగానే నవ్వు ఆపేశాడు. ఇప్పుడు బాగానే ఉందని నేను చెబుతున్నా ఎవరి చెవికీ ఎక్కలేదు. అత్తగారు మా ఆవిడ చేతిలోని నీళ్ళ బిందె లాక్కుంది. మరదలు ఉప్పెక్కువని పచ్చడి గిన్నె పక్కకు జరిపేసింది.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద వెనక నుంచి మా ఆవిడ అంది:

"జడుపుగొట్టుదాన్నంటే నాను నవ్వీదాన్ని. ఇప్పుడు రోగిష్టిదాన్ని సేసి ఒగ్గేసినావు."

మళ్ళీ కేరళ తీసుకెళ్తానన్నాను.

"ఎల్తాం. నానూ, మన గుంటా, తల్లీకూతుళ్ళం ఎల్తాం. నువ్వు రాకు."

సరేనన్నాను.