తలుపుకెదురు బల్ల

యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్ దిల్షాద్. వేధింపుల మీద ఫిర్యాదు పెట్టిన పిల్ల ఎవరైనా విచారణ కమిటీ ముందుకు వెళ్తుంటే తానూ వెంట నడుస్తుంది. లోపలికి ఆమెను రానివ్వరు. వరండాలో, గది తలుపుకు ఎదురుగా ఉన్న చెక్కబల్ల మీద తల నిండా కొంగు కప్పుకుని కూర్చుంటుంది. కర్నూలు ఎండ మోకాళ్ల మీదికి పాకినా కదలదు. ధైర్యం చెప్పే మాటలు ఆమెకు రావు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా పిల్లకు తాను కనపడాలి, అంతే.

ఆ రోజు లోపల ఉన్నది కోయిలకుంట్ల నుంచి వచ్చి చదువుకుంటున్న శివకుమారి. ఆ పిల్ల ఎవరి మీద ఫిర్యాదు చేసిందో ఆ ప్రొఫెసరే నింపాదిగా వచ్చి బల్ల ముందు ఆగాడు. పెద్దవాళ్లు నిలబడితే జరిగి చోటివ్వడం దిల్షాద్‌కు చిన్ననాటి అలవాటు. జరిగింది. ఆయన కూర్చున్నాడు.

"ఏం దిల్షాదమ్మా, బాగుండావా? మీ పాప షాహనా మా డిపార్టుమెంటులోనే చేరిండాదంట గదా. నేను చూసుకుంటాలే."

"మీరు ఈడ కూర్చోగూడదు సార్."

"కూర్చునేదానికి గూడా కమిటీని అడగాల్నా?" అని ఆయన నవ్వాడు.

లేవాలనుకుంది. కూతురి పేరు విన్నాక కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుని అక్కడే కూర్చుండిపోయింది. అంతలో అటెండరు టీ పట్టుకుని తలుపు తోశాడు. శివకుమారి తల తిప్పి బల్లవైపు చూసింది, పక్కపక్కనే కూర్చున్న ఇద్దరినీ చూసింది.

"నేను చెప్పేదేం లేదు మేడం. ఫిర్యాదు వాపసు తీసుకుంటాండా" అన్న మాట వరండాలోకి వినపడింది.

ప్రొఫెసర్ లేచి చొక్కా సర్దుకున్నాడు.

"రేపు షాహనాను ఒకసారి నా గదికొచ్చి కలవమని చెప్పమ్మా."