పాట అయ్యాక చెప్పిన పేరు

శామీర్‌పేటలో మా వెనక వీధి ముసలమ్మకు ఎనభై అయిదేళ్లు. సికింద్రాబాద్‌లో రైల్వే గుమాస్తా కూతురిగా పెరిగింది. మాటలో ఎక్కడా బెంగాలీ వాసన రాదు. వాళ్లమ్మ బెంగాలీ సినిమాకు మాట వచ్చిన కొత్తలో పాడుతూ నటించిన మనిషని నాకు నిరుడే తెలిసింది.

ముప్పయ్యేళ్లు పత్రికలో పనిచేసినవాణ్ని, అడగకుండా ఉండలేను. ఆమె కొద్దికొద్దిగా చెప్పింది. అప్పట్లో నటించేవాళ్లే పాడాలి. తబలా, హార్మోనియం వాళ్లు పొద చాటున కూర్చునేవారట. కెమెరా తిరుగుతుండగానే పాట పూర్తవ్వాలి. దగ్గు వస్తే మళ్లీ మొదటినుంచి. తర్వాత వేరేవాళ్ల చేత పాడించి కలిపే పద్ధతి వచ్చింది. దాంతో వాళ్లమ్మ గొంతు అక్కర్లేకపోయింది. తెరమీద వేసిన పేరు కూడా స్టూడియో పెట్టినదే. పెళ్లికి ముందు, ఇక పాడనని కాబోయే భర్తకు మాటిచ్చింది. ఆమె సినిమాలు ఒక్కటీ ఇప్పుడు దొరకవు. కూతురి దగ్గర మిగిలింది పగులు వచ్చిన ఒక్క గ్రామఫోన్ రికార్డు.

"అమ్మ గొంతు ఇంకొక్కసారి ఇనాలె బిడ్డా. ఇగ నాకు ఎన్ని దినాలున్నయని?"

మేడ్చల్‌లో పాత రేడియోలు బాగుచేసే సాయిబు దగ్గర గ్రామఫోన్ ఉంది. ఆటోలో వెళ్లాం. పాత చీరలో చుట్టిన రికార్డును ఆమె దారంతా ఒళ్లోనే పెట్టుకుంది. సాయిబు పగులును గోటితో తడిమి చూశాడు.

"ఒక్కసారే అమ్మా. మళ్ల పెట్టుమంటే నాతోని గాదు."

"ఒక్కసారి సాలు భాయ్. సారు ఫోన్ల పట్టుకుంటడు గద."

"పేపరోళ్లు ఎప్పుడన్న మొత్తం పట్టుకున్నరా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

పగులు దగ్గర ముల్లు టిక్కుమంటుంటే, ఆ చప్పుడు మధ్యలోంచి సన్నని గొంతు వచ్చింది. మూడు నిమిషాలు. పాట ఆగింది. ఫోన్‌లో రికార్డింగ్ ఆపేశాను. చోటు చాలనప్పుడు వార్తను కిందినుంచి కొట్టేయడం మా డెస్కు పద్ధతి. చివర ఉన్నది లేకపోయినా నడుస్తుందని చేతికి అలవాటైపోయింది.

ముల్లు ఇంకా నడుస్తోంది. ఆమె చెయ్యెత్తింది. అదే గొంతు, ఈసారి పాట కాదు. పేరు చెప్పి చిన్నగా నవ్వింది. అంతకుముందు రోజుల్లో, రికార్డు ముద్రించేవాళ్లకు ఎవరి పాటో తెలియడానికి పాడినవాళ్లు అలా చివర పేరు చెప్పేవారని, కొందరు ఆ అలవాటు తర్వాత కూడా మానలేదని సాయిబు అన్నాడు. అది స్టూడియో పేరు కాదు, ఇంట్లో పిలిచే పేరని ఆమె అంది.

"పట్టుకున్నవా బిడ్డా?"

"లేదమ్మా. పాట అయిపోయిందని ఆపేసిన."

ఇంకొక్కసారి పెట్టమని నేనే సాయిబును బతిమాలాను. తల అడ్డంగా ఊపుతూనే పెట్టాడు. రెండు చుట్లు తిరిగిందో లేదో, రికార్డు రెండు ముక్కలైంది.

ఆమె ముక్కలను చీరలో చుట్టుకుంటూ, "పాటంటే అందరికోసం పాడింది. గా మాటొక్కటే మాయమ్మది," అంది.

ఇప్పుడు వారానికోసారి ఆమె ఇంటికి వెళ్తాను. ఫోన్‌లో పాట పెట్టమంటుంది. అయిపోయాక, మొదట్లో ఆ పేరు తనే చెప్పేది, నవ్వుతో సహా. ఈమధ్య చెప్పడం లేదు.

"ఎట్ల నవ్విందో యాదికొస్తలేదు బిడ్డా. నువ్వు ఇన్నవు గద?"

విన్నాను. పేరు గుర్తుంది. నవ్వు ఎలా ఉందో మనసుకెక్కలేదు; అది వచ్చినప్పుడు నేను చేతిలోని, ఆపేసిన ఫోన్ వైపు చూస్తున్నాను.